పింగళ పుట్టిన చోటికి బండ్లబాట

తెల్లారి మంచు ఇంకా విడవలేదు. మైలారు అప్పటికే లేచి, నడుముకు గుడ్డ బిగించుకుని, బండరాతికి ఆనుకుని కునుకుతున్న ముసలిదాని ఎదుట నిలబడ్డాడు.

"అవ్వా, లెయ్యి. పొద్దెక్కుతాంది."

"ఇప్పుడే కదా కన్ను మూశాను," అంది ముసలిది. గొంతు మాత్రం ఇరవయ్యేళ్ల పడుచుది.

"గొంతు," అన్నాడు మైలారు.

ముసలిది ఒకసారి దగ్గి, గొంతు గీరుకుని, "ఇప్పుడే గదరా కన్ను మూస్తి, పాడు మనవడా! నీకు కుదురు లేదు, నన్నూ కుదురుగా ఉండనియ్యవు!" అంది.

"ఆఁ. అట్ల."

ఆ ముసలిది ముసలిది కాదు. మాణిక్యవాడ రాజు ఒక్కగానొక్క కూతురు కువలయ. ఆ ముఖం మీది ముడతలు ఆమెను పెంచిన దాది తుమ్మజిగురుతో తీర్చినవి. తలకు నెరిసిన గొర్రెబొచ్చు, ఒంటికి అతుకుల కోక, చేతిలో వంకర కర్ర. వచ్చీరాని ముసలి తిట్లన్నీ ఆ దాది దగ్గర నేర్చుకున్నవే. కళ్లు సరిగా ఆనని అవ్వ, ఆమెను మొక్కు చెల్లించడానికి తీసుకుపోతున్న మనవడు: ఇదీ వాళ్ల వేషం.

మనవడి వేషం వేసిన మైలారు ఆ రాజ్యంలో ప్రాణాలతో మిగిలిన ఆఖరి బండ్లబాట బండివాడు. ముప్పయి దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

పింగళ నది ఎండి మూడు నెలలైంది. ఎండలకు ఎండింది కాదు. నిండు శ్రావణంలో, రెండు గట్లూ ఒరుసుకుని పారే నది ఒక్క పూటలో ఆగిపోయింది. చేపలు ఇసుకలో ఎగిరెగిరి చచ్చాయి. పడవలు ఎక్కడివక్కడ ఒరిగిపోయాయి. మూడో రోజున ధూమ్రజటుడు అనే మాంత్రికుడు పంపిన కాకి ఒకటి కోట బురుజు మీద వాలి, మనిషి గొంతుతో మాట్లాడింది. "నది నా గుప్పిట్లో ఉంది. కిరీటం తెచ్చి నా పాదాల దగ్గర పెడితే వదులుతాను. లేదా దాహంతో చావండి."

రాజు మూడుసార్లు సైన్యాన్ని పంపాడు. నది పుట్టిన చోటు కరిమబ్బు కొండల నడుమ ఉంది. అక్కడికి పోయేది ఒక్కటే దారి, పాత బండ్లబాట. రాజు ముత్తాత కాలంలో కోట కట్టడానికి రాళ్లూ దూలాలూ ఆ బాట మీదే దిగాయి. తర్వాత నూరేళ్లపాటు ఉప్పూ తేనే జొన్నా మోసిన బండ్లు బండరాతి మీద మోకాలి లోతు గాడులు కోశాయి. కానీ ఆ బాట డెబ్బయి చోట్ల చీలుతుంది. ఏ చీలిక లోయలోకి పోతుందో, ఏది కొండకు పోతుందో బండివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే మాంత్రికుడు ముందుగా బండివాళ్లను ఏరించి చంపించాడు. ఆ వారంలో చలిజ్వరంతో అత్తగారింట పడి ఉండబట్టి మైలారు బతికిపోయాడు. దారి చెప్పేవాడు లేక సైన్యం మూడుసార్లూ పొగమంచులో తప్పిపోయింది. మైలారు బతికున్నాడని ఆ తర్వాతే తెలిసి, ఎవరి కంటా పడకుండా కువలయే అతడితో మారువేషంలో బయలుదేరింది.

వీళ్లు బయలుదేరిన నాడు కోటబావిలో తొమ్మిది రోజులకు సరిపడా నీళ్లున్నాయి. నాలుగు రోజులు నడకకే పోయాయి. మిగిలింది అయిదు. పుట్టుచోటులో నది విడిచినా, నీళ్లు ఊరు చేరడానికి రెండు రోజులు పడుతుంది. ఈ లెక్క మైలారు తలలో జోరీగలాగా తిరుగుతూనే ఉంది. అన్నం తింటున్నా తిరిగింది, నడుస్తున్నా తిరిగింది. అందుకే అతడు ఎక్కడా పట్టుమని పది నిమిషాలు కూర్చోలేకపోయాడు.

ఇద్దరూ నడక సాగించారు.

మంచు విడిచేకొద్దీ కొండలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. దగ్గరివి పచ్చన, వాటి వెనుకవి నల్లన, ఆ పైవి ఆరిన బూడిద రంగు. ఏనుగుల మంద మోకరిల్లినట్టున్న గుట్టల నడుమ బాట మెలికలు తిరిగి పైకి పాకింది. ఎర్రచిగురు వేసిన కుసుమచెట్లు దానికి రెండు వైపులా కాగడాలు పట్టినట్టు నిలబడ్డాయి. వెదురుపొదల్లో ఈల వేస్తున్న గాలి, ఎక్కడో కంచు మోగినట్టు అరిచే దుప్పి, చెట్టు మీంచి చెట్టు మీదికి దూకే కొండముచ్చులు. ఇన్ని ఉన్నా ఆ అడవిలో ఒక్క శబ్దం మాత్రం లేదు. పక్కనే లోయలో పారవలసిన నది చప్పుడు లేదు.

మైలారు వంగి గాడిలో వేలు పెట్టి చూశాడు. వేలికి నల్లటి జిడ్డు అంటింది.

"ఏమిటది?" అంది కువలయ.

"కందెన. ఇరుసుకు పూసేది. నాలుగు రోజుల నాటిది."

"అంటే ఈ బాటలో ఇంకా బండి తిరుగుతోందన్నమాట!"

"ఒకటే. ఎడమ చక్రం కట్టు వదులైంది. ఖాళీగా దిగి, మళ్లీ బరువుతో పైకి పోయింది."

"ఎవరి బండి?"

"ఆ మాంత్రికుడి మనుషులూ తినాల గదా, అవ్వా."

మధ్యాహ్నానికి ఒంటిస్తంభం కనుమ మొదలైంది. ఆ కనుమ ఎక్కితే అవతలి వైపు దిగువలోనే పింగళ పుట్టుచోటు. ఎక్కుడు నిట్టనిలువు. కువలయ కర్ర మీద వాలి రొప్పుతూ, ఈసారి నిజంగానే ముసలిదానిలా నడుస్తోంది. మైలారు ముందు నడుస్తూ, గాడిలో అడ్డంగా పడి ఉన్న రాయిని కాలితో అంచుకు నెట్టి, వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నాడు. ఇరవై అడుగులు పోయాక మరో రాయి. దాన్నీ నెట్టాడు. మొక్కాడు. మరో ఇరవై అడుగులకు ఇంకొకటి.

బండ్లబాట మనుషులకు అది పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎక్కుడులో ఎడ్లకు ఆయాసం తీరడానికి బండి ఆపితే, వెనక్కి జారకుండా చక్రం వెనుక రాయి పెడతారు. బండి కదిలాక ఆ రాయిని తీసి అంచున పెట్టకుండా పోయినవాడికి బండివాళ్లలో నీళ్లు కూడా పుట్టవు. చీకట్లో వెనుక వచ్చే బండి ఆ రాయి మీదికి ఎక్కి బోల్తా పడితే, ఆ చావు రాయి వదిలినవాడి మెడకు చుట్టుకుంటుందని వాళ్ల భయం. అందుకే బండి లేకుండా ఉత్తకాళ్లతో పోతున్నా సరే, గాడిలో రాయి కనబడితే నెట్టకుండా, నేలకు మొక్కకుండా దాటలేరు.

మూడో రాయి నెట్టాక మైలారు ఆగిపోయాడు. వెనక్కి చూశాడు. మూడు రాళ్లూ ఎడమ గాడిలోనే. మూడింటి మధ్యా ఇరవై ఇరవై అడుగులు. రాళ్ల అడుగున మన్ను ఇంకా తడిగా ఉంది, పెట్టి ఎంతోసేపు కాలేదు.

"చెడింది," అన్నాడు.

"ఏం?"

"ఏ ఎద్దూ ఇరవై అడుగులకొకసారి అలిసిపోదు."

ఆ మాట అంటుండగానే పైన కనుమ కొమ్మున నిలబడి ఉన్న రాతిస్తంభం మీద ఏదో ధగధగమంది. చేటంత ఇత్తడి ముఖం. ఇంతసేపూ మూసి ఉన్న దాని రెప్పలు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. లోపల నిప్పుకణికల్లాంటి రెండు గుడ్లు కదిలాయి. పెదాలు విచ్చుకుని, కొండలు ప్రతిధ్వనించేట్టు కూసింది.

"బండివాడు! బండివాడు వచ్చాడు!"

పొదల్లోంచి ఎలుగుతోళ్లు కప్పుకున్న పదిమంది బల్లేలతో దూకారు. వాళ్ల నాయకుడు గండభైరి ఆ ఎండలో ఆ తోలు కింద ఉడికిపోతున్నాడు. ఒక చేత్తో బల్లెం, రెండో చేత్తో వీపు గోకుడు.

"యాడికి ముసల్దీ?"

"పింగళమ్మకు మొక్కు, నాయనా. కండ్లు మూసుకుపోతాండాయి. అమ్మ పుట్టినచోట దీపం పెడితే చూపొస్తాదని సోదమ్మ చెప్పింది," అంది కువలయ, కర్రతో గండభైరి పొట్టను తడుముతూ. "ఇదేంది, చెట్టా?"

వెనుక ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

"నా కడుపు!" గండభైరి కర్రను తోసేశాడు. "వీడెవడు?"

"నా మనవడు. ఉత్త వెర్రిబాగులోడు. కుండ మోయమంటే పగలగొడతాడు, పగిలిన పెంకు తెమ్మంటే కాలు కోసుకుంటాడు. వాడికి పిల్లనెవరిస్తారని నాకు దిగులు. నీకు చెల్లెలుందా?"

"నోరు ముయ్యి. ఏమిరా, రాళ్లెందుకు నెట్నావు?"

మైలారు బదులు ముసలిదే అందుకుంది.

"నేను తగులుకుని పడతానని నెట్నాడు, ఇంకెందుకు? వాడు చేసిన మంచిపని ఇదొక్కటే, దానికీ తంటానా?"

గండభైరి తల ఊపాడు. ఆ మాట నమ్మదగ్గదిగానే ఉంది. కానీ ఇత్తడి ముఖం మళ్లీ పలికింది. ఈసారి ఆ గొంతు వేరు. ఎక్కడో చాలా దూరాన నూతిలోంచి మాట్లాడినట్టున్న మాంత్రికుడి గొంతు.

"అవ్వ కోసం రాయి నెట్టినవాడు నేలకెందుకు మొక్కాడు, గండభైరీ?"

గండభైరి గోకుడు ఆగిపోయింది. కాసేపు ఆలోచించి, పళ్లికిలించాడు. "అవునుగదా! స్వామీ, ఒక పని చేద్దాం. మన జొన్నల బండి దిగువకు పోవాల. ఆ ఎడ్లు మా మాట వినవు. నలుగురం ముక్కుతాడు పట్టి ఈడుస్తాండాం, రోజూ మాకు తన్నులే. వీడి చేత కట్టిద్దాం. కట్టగలిగినాడో, బండివాడు. లోయలోకి తోసేస్తాం. కట్టలేకపోయినాడో, వెర్రిబాగులోడు. ఒక తన్ను తన్ని వదిలేస్తాం."

స్తంభం వెనుక, కనుమ కొమ్మున బండి దిగువకు ముఖం పెట్టి నిలిచి ఉంది. పక్కన ఒక ఎర్రెద్దు, ఒక మచ్చలెద్దు ముళ్లకంపను చూసినట్టు ఆ తోళ్లవాళ్లను చూస్తున్నాయి. ముక్కుతాడు ఒరిపిడికి రెండింటి ముట్టెలూ పుండ్లు పడ్డాయి. మైలారు ఆ పుండ్లను చూశాడు.

"కానీరా," అన్నాడు గండభైరి.

అయిదో ఏట నుంచి ఎడ్లు కట్టినవాడు, రానివాడిలా కట్టడం ఎంత కష్టమో ఆనాడు మైలారుకు తెలిసింది. కాడిని తలకిందులుగా ఎత్తాడు. పలుపును కొమ్ముకు చుట్టాడు. పేడలో కాలు వేసి జారాడు. కాడిని కావాలనే పాదం మీద వేసుకున్నాడు. అది నిజంగానే తగిలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. తోళ్లవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"చెప్తి గదా!" అంది కువలయ చేతులు తిప్పుతూ. "వీణ్ణి కన్నతల్లి కూడా ఇట్లనే నవ్వి నవ్వి పోయింది!"

గండభైరి కూడా నవ్వుతూ బల్లెం దించాడు. ఇంకొక్క క్షణం గడిస్తే సరిపోయేది.

కానీ ఎర్రెద్దు దగ్గరికి వచ్చి మెడ చాచింది. మైలారు కళ్లు గండభైరి మీదే ఉన్నాయి. అతడి చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఎద్దు గంగడోలు కిందికి పోయి, ఎక్కడ గోకితే దానికి హాయో సరిగ్గా అక్కడ, నాలుగు వేళ్లతో మెల్లగా గోకింది. ఎర్రెద్దు కళ్లు అరమూసి, తనంతట తాను వంగి కాడి కిందికి మెడ పెట్టేసింది. అది చూసి మచ్చలెద్దు కూడా వచ్చి రెండో వైపు మెడ వంచి నిలబడింది.

నవ్వు ఆగిపోయింది.

"మూడు నెల్ల నుంచి," అన్నాడు గండభైరి నెమ్మదిగా, "నాకొక్కనాడు కూడా..."

"పట్టుకోండి!" ఇత్తడి ముఖం అరిచింది.

మైలారు రెండు చేతులతో రెండు పలుపులూ ఒక్క విసురుకు ముడి వేసి, ఎగిరి నొగల మీద కూర్చున్నాడు. "అవ్వా, ఎక్కు!" అవ్వ మూడు అంగల్లో వచ్చి, దాది చూస్తే గుండె ఆగిపోయేలా ఒక్క గెంతులో జొన్న బస్తాల మీద పడింది. తల మీది గొర్రెబొచ్చు గాలికి ఎగిరిపోయి గండభైరి ముఖాన అంటుకుంది. నల్లటి జడ బయటపడింది.

"అమ్మో, ముసల్ది పడుచైపాయ!" అని ఎవరో కేక పెట్టారు.

"హెయ్!" అన్నాడు మైలారు.

బండి కనుమ దాటి దిగువకు దూకింది. చక్రాలు గాడుల్లో పడి, రాతిని ఒరుసుకుంటూ నిప్పురవ్వలు చిమ్మాయి. ఒక బల్లెం బస్తాలో దిగింది. ఇంకొకటి మైలారు చెవి పక్కగా పోయింది. చిరిగిన బస్తాలోంచి జొన్నలు ధారగా జారి బాట మీద పరుచుకున్నాయి. వెంటబడినవాళ్లు ఆ గింజల మీద కాలేసి ఒకరి మీద ఒకరు కూలారు. అందరికీ అడుగున గండభైరి.

కువలయ బస్తాల మీద వెల్లకిలా పడి నవ్వుతోంది. మైలారు నవ్వలేదు. వెనుక నుంచి మాంత్రికుడి గొంతు ఏదో మంత్రం చదువుతోంది. ఒక్కొక్క మాటకూ ఎండ కొంచెం కొంచెంగా పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతోంది.

మలుపు తిరిగేసరికి ఎదుట గాడులు కదిలాయి.

రెండే రెండు గాడులు నాలుగయ్యాయి. నాలుగు పన్నెండయ్యాయి. పన్నెండూ బుస కొడుతున్న పాముల్లా పొర్లి, ఒకటి లోయ వైపు, ఒకటి కొండగోడ వైపు, ఒకటి ఆకాశంలోకి పాకాయి. డెబ్బయి చీలికల్నీ కళ్లు మూసుకుని చెప్పగల మైలారుకు, తన కాళ్ల ముందున్న బాట ఏదో తెలియలేదు. పగ్గాలు కుడికి లాగబోయాడు. కుడివైపు మబ్బులు కనిపించాయి. ఎడమకు లాగబోయాడు. అటూ మబ్బులే.

"మైలారూ! ఎటు?"

అతడు ఎడ్ల చెవుల వైపు చూశాడు. చెవులు నిటారుగా, ముందుకే ఉన్నాయి. బెదిరిన ఎద్దు చెవులు అట్లా ఉండవు. ఈ మాయ మనిషి కళ్లకే గానీ ఎడ్లకు కాదు. వారం వారం ఈ దిగువకు దిగిన ఎడ్లవి.

పగ్గాలు వదిలేశాడు. బస్తాల మీద వెనక్కి వాలి, తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని పడుకున్నాడు.

"పడుకుంటున్నావా! ఇప్పుడా?"

"నడిజామున బండివాడు నిద్దరపోతే ఎడ్లు ఇల్లు చేరుస్తాయి, తల్లీ. మేలుకొని చూసేది నేను. తప్పు నా దగ్గరే ఉండాది. నువ్వూ కండ్లు మూసుకో."

"మూసుకోకపోతే?"

"దూకాలనిపిస్తాది."

ఆమె అతడి భుజం గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. బండి గాలిలో తేలుతున్నట్టుంది, తలకిందులైనట్టుంది, నీళ్లలో మునిగినట్టుంది. వేల గొంతులు చెవుల్లో "దూకండి, దూకండి" అంటున్నాయి. ఇరుసు కిర్రుకిర్రుమనే చప్పుడు ఒక్కటే మారలేదు. మైలారు ఆ చప్పుడును పట్టుకుని పడుకున్నాడు. అది రాతి చప్పుడు నుంచి మట్టి చప్పుడైంది. మట్టి చప్పుడు నుంచి గడ్డి చప్పుడైంది. అప్పుడు ఆగిపోయింది.

కళ్లు తెరిచారు.

చుట్టూ కొండలు దోసిలి పట్టినట్టు నిలబడిన ఒక గిన్నెలాంటి పచ్చిక బయలు. మోకాలెత్తు గడ్డి మీద నీలం పూలు పరుచుకుని, ఆకాశం ముక్కలై రాలినట్టుంది. నడుమ నల్లటి రాతిపళ్లెం. దాని అడుగు నుంచి, ఏనుగు తొండమంత మందాన, చంద్రకాంతి కరిగినట్టున్న నీళ్లు కుతకుతమంటూ పైకి ఉబుకుతున్నాయి.

కువలయ ఆ పళ్లెం దగ్గర మోకాళ్ల మీద కూలబడింది. దోసిట పట్టి తాగింది. ముఖం మీది జిగురు ముడతలు కరిగి జారిపోయాయి. "ఎండలేదు," అంది. మళ్లీ అంది, "ఎండనే లేదు, మైలారూ!"

మైలారు తాగలేదు. నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తున్నాడు. పింగళ పారవలసిన తూర్పు దిక్కున వట్టి గులకరాళ్లు. నీళ్లన్నీ పడమటికి తిరిగి, కొండపాదంలో కొత్తగా తొలిచిన ఒక గుహలోకి ఉరకలేస్తున్నాయి. గుహ అంచుల మీద ఉలి గీతలు ఇంకా తెల్లగా మెరుస్తున్నాయి. తూర్పు పాయకు అడ్డంగా, కొండను కోసి నిలబెట్టినట్టున్న రాతితలుపు. దానికి బిగించిన తాటిమాను లావు ఇనుపగొలుసు నీళ్ల వెంట గుహలోకి పోయి చీకట్లో కలిసిపోయింది.

"గొలుసు తాళం లోపలే ఉండాలి," అంది కువలయ. "వెనక్కి పోదాం. ఇప్పుడు దారి తెలిసింది. సైన్యాన్ని తెద్దాం."

"పోను నాలుగు రోజులు. రాను నాలుగు."

"మనిద్దరమే ఏం చేస్తాం?"

మైలారు బండి దగ్గరికి పోయి కాడి విప్పాడు. ఎడ్ల ముక్కుతాళ్లు కోసి పారేసి, పుండ్ల మీద చల్లని నీళ్లు చల్లాడు. తిరిగి వచ్చి గుహ ముందు నిలబడ్డాడు. నలుగురు రాజుల కాలం నుంచి బాట తెలిసిన వంశం అతడిది. కానీ ఆ గుహలో గాడి లేదు. చక్రం ముద్ర లేదు. పుట్టి బుద్ధెరిగాక అతడు అట్లాంటి చోట కాలు పెట్టలేదు.

"మా వీధిలో ఇరవయిరెండు గడపలు, తల్లీ," అన్నాడు. అంత పొడుగు మాట అతడి నోట ఆమె ఈ నాలుగు రోజుల్లో వినలేదు. "వచ్చేటప్పుడు గడపకొక ముంత నీళ్లు పెట్టినారు, కాళ్లు కడుక్కోమని. తాగేదానికి లేని నీళ్లు. నేను కడుక్కోలేదు. తిరిగొచ్చి కడుక్కుంటానని చెప్పినాను."

కనుమ మీంచి కొమ్ముబూరలు మోగాయి. తోళ్లవాళ్లు దిగివస్తున్నారు. ఆ వెంటనే గుహ పైకప్పు ఉరిమింది. పైనుంచి ఒక రాతిపలక, తిరుగలి తిరిగే చప్పుడుతో, అంగుళం అంగుళంగా కిందికి దిగసాగింది. గుహనోరు మూసుకుపోతోంది. లోపలి నుంచి ధూమ్రజటుడి నవ్వు వినిపించింది.

కువలయ అతుకుల కోకను గోచీ బిగించి, నడుములో దాచిన పిడిబాకు తీసింది. "తాళం సంగతి నేను చూస్తాను. దారి సంగతి నువ్వు చూడు."

"ఇక్కడ నాకూ దారి తెలీదు."

"అది నాకు తెలుసు. అందుకే ఇద్దరం."

రాతిపలక మనిషెత్తుకు దిగింది. నడుమెత్తుకు దిగింది. ఇద్దరూ వంగి, చేతులు పట్టుకుని, నీళ్లలోకి దూరారు. వెనుక పలక నేలకు తాకి, వెలుతురు గీత సన్నమై, ఆరిపోయింది. మోకాళ్లను కోస్తున్న చల్లదనం, చెవులు పగిలే హోరు, చేతికి తగిలే తడి ఇనుపగొలుసు. మైలారు గొలుసు పట్టుకుని ఒక అడుగు వేశాడు. కాలికింద రాయి తగిలింది.

రెండో అడుగుకు కింద నేల లేదు.